గొంతులో పరదేశి

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. రాయదగ్గ సంగతేమీ కాదు. ఓ ముసలావిడ ఫోన్ చేసి ఓ మాట అంది, అంతే. కానీ మధ్యాహ్నం బంగాళాదుంపల చెక్కు తీస్తూ, తీసిన దుంపనే మళ్లీ తీసుకుని చెక్కు తీశాను. అది వేరుశనగ గింజంత అయ్యాక నా భార్య గుడ్‌లౌగ్ నా చేతిలోంచి కత్తి లాక్కుంది. అందుకని రాస్తున్నాను.

ఫోన్ చేసింది పెట్రీనె. ఎనభై ఎనిమిదేళ్లు, చూపు పోయి పదకొండేళ్లు. మా దీవి వారపత్రికను చూపులేనివాళ్ల కోసం పైకి చదివి రికార్డు చేసే పని నాది. ప్రతి శుక్రవారం, గ్రంథాలయం కింది గదిలో, పద్నాలుగేళ్లుగా. వినేవాళ్లు పంతొమ్మిది మంది. పద్దెనిమిది మంది ఏమీ అనరు. పెట్రీనె అంటుంది.

"ఐలెర్ట్, ఈ వారం చదివిందెవరు?"

"నేనే."

"నువ్వు కాదులే. ఎవరో బయటివాడు. పాపం, కష్టపడి చదివాడు. జర్మనువాడా?"

"నేనే చదివాను పెట్రీనె."

ఆవిడ ముప్ఫై ఒక్కేళ్లు మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుంది. దీవి మొత్తాన్ని గొంతులతోనే గుర్తుపట్టేది. ఎవడు తాగి ఉన్నాడో, ఎవడు అబద్ధమాడుతున్నాడో, 'హలో' అనేలోపే తెలిసిపోయేది.

"బ్రిగ్గెకాంట్ అను," అంది.

రేవు అంచు. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట. అన్నాను.

"ఊ," అని పెట్టేసింది.

సెప్టెంబర్ 10, బుధవారం

పెట్రీనె చెవి పాడైంది. ఎనభై ఎనిమిదేళ్లకు చెవులు పాడవుతాయి.

అయినా పొద్దున్నే పన్నెండు మాటల జాబితా రాసుకున్నాను. అన్నీ రెండేసి ముక్కలు అతికిన మాటలే. మా భాషకు అతకడమంటే పిచ్చి. చేప, వడ అని రెండుంటే వాటిని విడిగా ఉండనివ్వదు, ఫిస్కెకాకె అని ఒక్కటి చేసి పారేస్తుంది. అతికాక బరువు మొదటి ముక్క మీదే వెయ్యాలి. రెండోది దాని వెనకాలే తేలుతూ రావాలి. పడవలోంచి రేవు మీదికి దిగడం లాంటిదే ఇది: ఒక్క కాలు గట్టిగా మోపితే రెండోది దానంతటదే వస్తుంది. రెండు కాళ్లూ సమానంగా మోపుదామని చూసినవాడు నీళ్లలో ఉంటాడు. ఇదంతా నాకు నేను చెప్పుకోనక్కర్లేదు. కానీ తెలిసిన సంగతి రాస్తున్నంతసేపూ కాస్త ధైర్యంగా ఉంటుంది.

నా బడి ఏడేళ్లతో సరి. పదిహేనో ఏట పత్రిక అచ్చుకూర్పులో చేరాను. అక్కడ పెద్దాయన ఆర్న్‌యోత్. పంక్తి చివర మాట పట్టకపోతే విరవాలి, ఎక్కడ విరవాలో తెలిసేది కాదు. ఆయన నా వేళ్ల పక్కనే సీసపు బద్దతో బల్ల మీద కొట్టేవాడు. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. "చెవితో చదువు వెధవా. మెల్లటి దెబ్బకు ముందు కొయ్యి. అతుకుంటే అతుకు దగ్గర, ఆ తర్వాతే మిగతా అక్షరాలు." వ్యాకరణం పుస్తకం నేను ముప్ఫయ్యో ఏట చూశాను. ఆర్న్‌యోత్ చెప్పిందే అందులో వందపేజీలు రాశారు, ఆ దెబ్బల చప్పుడు మాత్రం లేదు.

ఒకసారి ఓ చావు ప్రకటనలో దీపస్తంభం కాపరి అనే పొడుగు మాటను తప్పుచోట కోశాను. అతని భార్య పత్రిక పట్టుకుని వచ్చింది. అరవలేదు. "మా ఆయన్ని శవపేటికలో పట్టక మోకాళ్ల దగ్గర విరిచినట్టుంది," అంది. ఆర్న్‌యోత్ ఆవిడకు కాఫీ పోశాడు. నాకు మూడు వారాలు గుడ్ నైట్ చెప్పలేదు.

ఏం రాయబోయి ఎక్కడికి వెళ్లాను.

పన్నెండు మాటలూ చదివాను, కణుపులతో బల్ల మీద కొడుతూ. గట్టిగా, మెల్లగా. పన్నెండుకు పన్నెండు.

"ఎవరో తలుపు కొడుతున్నారు," అంది గుడ్‌లౌగ్ వంటింట్లోంచి.

"ఎవరూ లేరు," అన్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

రికార్డింగు. నెమ్మదిగా చదివాను. కింది గది చల్లగా ఉంటుంది, దవడ బిగుసుకుంటుంది. కారణం అదే.

సెప్టెంబర్ 13

ఆ రోజు కాఫీ కప్పు తడిగా ఉంది. ఆగస్టు చివరి ఆదివారం అది నా చేతిలోంచి జారి పగిలింది తడిగా ఉన్నందువల్లే. మూతి ఓ పక్కకు పోయిందని గుడ్‌లౌగ్ అంది. ఓ పది నిమిషాలు. కాఫీ వేడిగా ఉంటే ఎవరి మూతైనా పోతుంది.

సెప్టెంబర్ 16, మంగళవారం

కొట్లో కొత్త అమ్మాయి. మా దేశం దక్షిణాది పిల్ల, దీవికి వచ్చి వారమైందట. చేప వడలు అడిగాను. ఆమె నా మొహంలోకి దయగా చూసింది. తర్వాత గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి, "మీకు. ఎన్ని. కావాలి?" అంటూ వేళ్లు ఎత్తి చూపించింది.

"ఆరు," అన్నాను.

"మా భాష ఎంత చక్కగా నేర్చుకున్నారండీ. మీరొచ్చి ఎన్నాళ్లయింది?"

"డెబ్భై ఆరేళ్లు."

నవ్వింది. జోక్ వేశాననుకుంది. నేనూ నవ్వాను. ఇంకేం చెయ్యను? మా అమ్మ నన్ను కన్న ఇల్లు ఆ కొట్టు కిటికీలోంచి కనిపిస్తుంది.

నా వెనకాల హోగ్నె ఉన్నాడు. పక్కింటివాడు, నలభై ఏళ్ల పరిచయం. అంతా విన్నాడు. ఓ ఆవపచ్చడి సీసా తీసుకుని దాని మీద రాసింది చదువుతూ నిలబడ్డాడు. హోగ్నె అంత శ్రద్ధగా ఏదీ చదవగా నేను చూడలేదు.

"వాన వచ్చేట్టుంది," అన్నాడు చివరికి, సీసాతోనే.

"వచ్చేట్టే ఉంది," అన్నాను.

అంటే హోగ్నెకు తెలుసు. ఎన్నాళ్ల నుంచి తెలుసు? ఇంకా ఎవరికి తెలుసు?

సెప్టెంబర్ 17

ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను. ఇబ్బంది ఏమిటని అడిగింది ఆ అమ్మాయి. దవడ అన్నాను. నొప్పా అంది. లేదన్నాను. తొందరగా చూపించుకోవాలా అంది. తొందరేం లేదమ్మా, మీకు వీలున్నప్పుడు, నాకంటే అవసరమైనవాళ్లు ఉంటారు అన్నాను. అక్టోబర్ 7న రమ్మంది. చాలా థాంక్స్ చెప్పాను. మా దీవిలో ఆసుపత్రికి వెళ్లేవాళ్లందరూ ముందు తమకేమీ లేదని నిరూపించుకుని గానీ వెళ్లరు.

ఫోన్ పెట్టాక వీపంతా చెమట.

సెప్టెంబర్ 18, గురువారం

పెట్రీనె పిలిస్తే వెళ్లాను. వాఫల్స్ వేసింది, గళ్ల పెనం మీద కాల్చే తీపి అట్లు. చూపు లేకపోయినా మాడనివ్వదు, వాసనను బట్టి తీస్తుంది. గోధుమరంగు చీజ్ కోసి నా పళ్లెంలో పెట్టి, కూర్చోమంది.

"పోయిన శుక్రవారం ఇంకా ఎక్కువైంది అబ్బాయ్."

"చలి..."

"నోరు మూసుకుని తిను. నీకో సంగతి చెప్తాను. చెప్పకూడనిది."

ఎక్స్‌ఛేంజిలో చేరినప్పుడు వాళ్ల చేత ప్రమాణం చేయించేవారు. లైనులో విన్నది లైనులోనే వదిలెయ్యాలి. ఎవరి పెళ్లి చెడిందో, ఎవరి పడవ అమ్ముడైందో, ఏదీ బయటికి పొక్కకూడదు. పెట్రీనె ఆ ముప్ఫై ఒక్కేళ్లలో గానీ, ఆ తర్వాత గానీ ఒక్క ముక్క జారనివ్వలేదు. తాగించి చూసినవాళ్లున్నారు.

"అరవై ఒకటిలో, ఓ సోమవారం. రేవు కొట్టు ఇంగెబ్రిక్ట్ ట్రోన్‌హైమ్‌కి లైను అడిగాడు, పిండి బస్తాల కోసం. గొంతు అతనిదే. కానీ మాటల నడక అతనిది కాదు. ఒక్కొక్క ముక్కా విడివిడిగా పెట్టి, అన్నింటి మీదా సమానంగా బరువేసి. ఫిన్లాండువాడు మాట్లాడినట్టు. నేను లైనులో నవ్వాపుకున్నాను. మర్నాడూ అలాగే మాట్లాడాడు. అప్పుడు నవ్వు రాలేదు. వాళ్లావిడకి చెబుదామనుకున్నాను."

"చెప్పావా?"

"లైనులో విన్నది కదా." చీజ్ కత్తి తడిమి పళ్లెం పక్కన తిన్నగా పెట్టింది. "బుధవారం కొట్లో బల్ల వెనకాల పడిపోయాడు. ముందు మాట పోయింది. ఆదివారానికి మనిషి పోయాడు. నలభై నాలుగేళ్లవాడు. ఆ లైన్లు నేనే కలిపాను, పాస్టరుకీ, శవపేటిక చేసే వడ్రంగికీ."

చేతిలో ఉన్న వాఫల్ పళ్లెంలో పెట్టేశాను.

"డాక్టరు దగ్గరికి వెళ్తున్నావా?"

"అక్టోబరు ఏడున."

"ఎవరు చెప్పారు ఏడుదాకా నువ్వుంటావని?"

సెప్టెంబర్ 19, శుక్రవారం

చదవడానికి వెళ్లాను. మానేస్తే అందరూ అడుగుతారు.

సెప్టెంబర్ 21, ఆదివారం

గుడ్‌లౌగ్ చర్చి కాఫీకి వెళ్లింది. పోయిన ఏడాది రికార్డింగు ఒకటి, మొన్నటిది ఒకటి పెట్టుకుని విన్నాను. ఒకటి తర్వాత ఒకటి, నాలుగుసార్లు.

రెండూ ఒకటే. రెండూ నేనే. ఎక్కడా పరాయివాడు లేడు. హమ్మయ్య అనుకుని కాఫీ పెట్టుకున్నాను.

కాఫీ సగం తాగాక అర్థమైంది. కొట్టు పిల్ల విన్నది. హోగ్నె విన్నాడు. పెట్రీనె విన్నది. నాకొక్కడికే వినపడలేదు. అరవై ఏళ్లు ఈ చెవితోనే మాటలు కోశాను. పన్నెండుకు పన్నెండు మార్కులు వేసిందీ ఈ చెవే. ఇంట్లో దొంగ ఉన్నాడని అందరూ చెబుతుంటే, దీపం పట్టుకుని గదిగదీ వెతికి ఎవరూ లేరని చెబుతున్నాను. దీపం పట్టుకున్నది ఎవరో చూడలేదు.

గట్టిగా, మెల్లగా అని బల్ల మీద కొట్టబోయాను. రెండు దెబ్బల్లో ఏది గట్టిదో నాకు చెప్పేవాళ్లెవరూ ఇంట్లో లేరు.

సెప్టెంబర్ 22

గుడ్‌లౌగ్‌ని కూర్చోబెట్టి రెండూ వినిపించాను. ఆమె చేతిలో అల్లిక ఉంది. మొదటిది వింటూ అల్లింది. రెండోది మొదలైన కాసేపటికి సూదులు ఆగాయి.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పను?"

"ఎవరతను?"

"నువ్వే."

"గుడ్‌లౌగ్."

"ఆ కప్పు పగిలిన రోజు నుంచీ వింటున్నాను," అంది అల్లిక వైపే చూస్తూ. "పళ్ల సెట్టు వదులైందేమో అనుకున్నాను. అలా అనుకోవాలనే అనుకున్నాను."

"మరి చెప్పలేదే?"

"నీకు తెలిసి దాస్తున్నావేమోనని. దాచుకునేవాణ్ణి కెలకడం ఎందుకని."

"నువ్వు బాధపడతావని నేను చెప్పలేదు."

"ఇద్దరం భలే మర్యాదస్థులం," అంది. లేచి వెళ్లి పొయ్యి కట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

రేపు పొద్దున్నే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేద్దామంది. అది నిజంగా రోగమున్నవాళ్ల కోసం అన్నాను. అంబులెన్సు పడవ వస్తే రేవులో అందరూ చూస్తారు. వాళ్లు వచ్చి, నేను నిటారుగా నిలబడి ఉండటం చూస్తే ఏమనుకుంటారు? ఇంకో రెండు రోజులు చూద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. ఈ రెండింటికీ మధ్య మేం నలభై తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నాం.

సెప్టెంబర్ 24, బుధవారం

కుడి చెయ్యి పన్నెండు నిమిషాలు నాది కాదు. ఇప్పుడు నాదే. గడియారం చూసి రాస్తున్నాను. పదీ ఇరవై నుంచి పదీ ముప్ఫై రెండు.

గుడ్‌లౌగ్ అని పిలుద్దామనుకున్నాను. ఆమె పేరు రాలేదు. నలభై తొమ్మిదేళ్లు.

ఆమె పెరట్లో ఉతికిన దుప్పట్లు ఆరేస్తోంది. కిటికీలోంచి కనిపిస్తోంది. ఇంకా చెప్పలేదు. దుప్పట్లు ఆరేశాక చెబుతాను.

సెప్టెంబర్ 25, గురువారం, ఆసుపత్రి

చెప్పాల్సిన పని పడలేదు. నిన్న ఆమె లోపలికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. నేను తీశాను. పెట్రీనె.

"ఎలా ఉన్నావు?"

బాగున్నానని చెప్పాను. నా ఉద్దేశంలో చెప్పాను. అటువైపు ఊపిరి మారింది.

"అబ్బాయ్, ఫోన్ పెట్టెయ్యకు. అలాగే పట్టుకుని నేల మీద కూర్చో."

ఆవిడ తన రెండో ఫోన్‌లోంచి ఎమర్జెన్సీకి మాట్లాడుతుంటే ఈ ఫోన్‌లో నాకు వినపడుతూనే ఉంది. పేరు, ఇల్లు, ఏ రేవు, ఎన్నాళ్లుగా ఎలా మాట్లాడుతున్నాను, అన్నీ ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. "ఎలా తెలిసిందంటారా? లైనులో విన్నాను," అంది. లైనులో విన్నది వేళకి చెప్పాల్సినవాళ్లకు చెప్పడం ఆవిడకు అరవై ఏళ్లలో మొదటిసారి.

పడవ ఇరవై ఆరు నిమిషాల్లో వచ్చింది. నేను మంచి స్వెట్టరు వేసుకుంటానన్నాను. ఒకతను అలాగే వేసుకోమని, తనే చేతులు తొడిగించాడు. పడవ మీద తిరిగే నీలం దీపాలు ఆర్పమని అడిగాను, పట్టపగలే కదా అని. ఆర్పలేదు. హోగ్నె తన గుమ్మంలో నిలబడ్డాడు, ఈసారి చేతిలో చదవడానికి ఏమీ లేదు. చెయ్యి ఎత్తాడు. దించడం మర్చిపోయాడు.

గుడ్‌లౌగ్ పడవలో నా పాదాలు పట్టుకుని కూర్చుంది. వణుకుతున్నది ఇంజనేమో అనుకున్నాను.

సెప్టెంబర్ 27

మెడలో ఎడమవైపు రక్తనాళం పూడిపోయింది. దారం పట్టేంత సందు మిగిలిందట. దాని మీంచి చిన్న చిన్న ముక్కలు ఊడి పైకి పోతున్నాయి. ఒకటి మాటల నడక ఉండే చోట పడింది. ఇంకొకటి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు.

మాటలకు చికిత్స చేసే అమ్మాయి వచ్చింది. చేతిలో నా జాబితా లాంటిదే ఉంది, ఇంకా పెద్దది. నేను చదువుతుంటే వేళ్లతో మంచం పట్టీ మీద తాళం వేసింది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. ఇది మీకెవరు నేర్పారని అడిగాను. కాలేజీలో అంది. ఆర్న్‌యోత్ పోయి ముప్ఫై ఏళ్లయింది, లేకపోతే ఉత్తరం రాసేవాణ్ణి.

"నడక తిరిగొస్తుందా?" అని అడిగాను.

"కొందరికి వస్తుంది. కొందరికి ఇలాగే ఉండిపోతుంది. మీరు చెప్పేది మాత్రం అందరికీ అర్థమవుతుందండి."

"పరాయివాడిగా."

"అవును," అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం కలిగింది. చెప్పి ఉండొచ్చుననీ అనిపించింది.

సెప్టెంబర్ 29, సోమవారం

గురువారం కోస్తారట. మెడ పక్కన తెరిచి, నాళం తెరిచి, గీకి శుభ్రం చేసి మూస్తారు. సర్జన్ ఆడమనిషి, నాకు కూతురి వయసు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఎక్కడ తెరవాలో చాలా తేలిగ్గా చెప్పేసింది.

"వందలో ఇద్దరికో ముగ్గురికో ఆపరేషన్‌లోనే పక్షవాతం వస్తుంది," అంది. "చెయ్యకపోతే ఇంకా చాలా ఎక్కువ మందికి."

"వస్తే ఏం పోతుంది?"

"మీ విషయంలో ముందు మాట."

ఆమె వెళ్లాక దుప్పటి మడత లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. చావు భయం ఇంత ఉండదు. చావు ప్రకటనలు పదిహేనో ఏట నుంచి చేత్తో కూర్చాను, నోటితో చదివాను, మాకు పరిచయముంది. భయం రెండోదానికి. లోపల అన్నీ ఉండి, బయటికి దారి లేకుండా, గుడ్‌లౌగ్ మొహంలోకి చూస్తూ పడుకోవడానికి. ఆమె అలవాటు ప్రకారం నన్ను ఏమీ అడగకుండా.

అక్టోబర్ 1, బుధవారం

గుడ్‌లౌగ్ ఇవాళ రెండు గంటలు కూర్చుంది. మేం పెళ్లయ్యాక ఇంత మాట్లాడుకోలేదు. నేనే మాట్లాడించాను. రేపటికి నిలవ చేసుకుంటున్నట్టు.

"నా మాట చెవికి ఎలా ఉంది? నిజం చెప్పు."

"డెన్మార్కువాణ్ణి పెళ్లాడినట్టుంది."

"అంత ఘోరంగానా?"

"అలవాటు పడతానులే. ముసలితనంలో కొత్త మొగుడు దొరికాడని మా చెల్లెలు కుళ్లుకుంటోంది."

నవ్వాం. నవ్వు మధ్యలో ఆమె మొహం ఒక్కసారి మారిపోయి, కిటికీ వైపు తిరిగింది.

"మాట పోతే?" అన్నాను.

"పోతే కళ్లతో తిట్టు. ఇన్నాళ్లూ సగం తిట్లు అలాగే తిట్టావు."

"భయంగా ఉంది గుడ్‌లౌగ్."

ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఆమె తిరిగి చూడలేదు. వెనక్కి చెయ్యి చాపి నా మోకాలి మీద పెట్టింది.

"నాకూ," అంది.

ఆమె బస ఈ ఊళ్లోనే, తన చెల్లెలి కూతురి ఇంట్లో. చివరి బస్సు పోతుందని నేనే పంపించాను. అబద్ధం. చివరి బస్సుకు ఇంకా గంట ఉంది.

అక్టోబర్ 2, గురువారం

తెల్లవారింది. ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచం మీదే పన్నెండు మాటలూ లోలోపల చెప్పుకున్నాను. లోపల అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపల ఎప్పుడూ సరిగ్గానే ఉన్నాయి.

ఏడున్నరకు నర్సు వచ్చింది. మెడకు ఎడమవైపు గడ్డం గీసింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. నల్ల పెన్నుతో చెవి కింద ఓ బాణం గీసింది. పేరు, పుట్టిన తేదీ చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. మణికట్టు పట్టీ మీద ఉన్నదానితో సరిచూసి, మంచం చక్రాల బ్రేకు తీసింది.

లిఫ్టు ఖాళీ లేదు, రెండు నిమిషాలు ఆగాలట. అందుకే ఇది రాయగలుగుతున్నాను. నడవా పొడుగ్గా ఉంది. ఎదురుగా ఎవరో నేల తుడుస్తున్నారు.

లిఫ్టు వచ్చింది. ఆపరేషన్ గదిలోకి పెన్సిలు తీసుకుపోకూడదట. ఇమ్మని నర్సు చెయ్యి చాపింది. ఇస్తున్నాను.